తాళపుచెవులు ఎవరియొద్ద నుండవలెను?

గడచిన ఫిబ్రవరి మాసమున మన పాఠశాల కంప్యూటరు గదిలో ఒక పొరపాటు జరిగినది. దానిని చేసినవారము మేమే. సంవత్సరపు సంచికలో ఉపాధ్యాయులు విద్యార్థుల విజయములను వ్రాయుట వాడుకయే గాని తమ తప్పులను వ్రాయుట వాడుక కాదు. అయినను ఆ పొరపాటువలన ఒక బాలునకు కలిగిన దుఃఖమును మేము కన్నులార చూచితిమి గనుకను, ఇట్టి పొరపాటే ఇతర పాఠశాలలలోను, కార్యాలయములలోను, ఇండ్లలోను తఱచుగా జరుగుచుండునని మాకు తోచుచున్నది గనుకను, దానిని దాచుకొనుటకంటె చెప్పుకొనుటయే మేలని తలంచితిమి. విషయము యంత్రములకు సంబంధించినదని తలిదండ్రులు ఈ పుటను త్రిప్పివేయకుందురు గాక. ఇందు యంత్రము కొంచెము. ఇంటి తలుపు, తోట కంచె, తాళపుచెవి ఎక్కువ.

మన రెడ్డిగూడెము ప్రాంతమున వేసవి యెట్లుండునో ఈ పత్రిక చదువువారికి చెప్పనక్కఱలేదు. కాయ పక్వమునకు వచ్చు దినములలోనే ఈదురుగాలి వచ్చును. ఒక్క రాత్రి గాలికి తెల్లవారుసరికి చిన్నరసములు, పెద్దరసములు, బంగినపల్లికాయలు చెట్టు క్రింద రాలి పరచుకొనియుండును. స్తంభములొరిగి తీగలును తెగును. తోటవాని నష్టము ముందర కంప్యూటరు గది నష్టము చెప్పుకొనదగినది కాదు. కాని విద్యుత్తు వచ్చిన పిమ్మటను ఇంటర్నెట్టు రెండు మూడు దినములు రాకపోవుటయు, వచ్చినను పాఠము నడుచుచుండగా సగములో నిలిచిపోవుటయు మాకు అనుభవమే. కావున వేసవి రాకముందే మాకు కావలసిన సామగ్రినంతటిని ఒకచోట చేర్చి పెట్టుకొనవలెనని నిశ్చయించితిమి. గాలివాన ముందు వంటచెఱకు లోపల వేసికొనని గృహిణి యుండునా?

సామగ్రి యననేమో కొంచెము చెప్పవలెను. మన గదిలోని కంప్యూటరులు పాతవి. వానికి వెల పెట్టి క్రొత్త సాఫ్టువేరు కొనుటకు శక్తి చాలక, ఉబుంటు అను ఉచితమైన లినక్సు వ్యవస్థను వాడుచున్నాము. ఇది 1993 ఆగస్టులో ఈయన్ మర్డాక్ అను యువకుడు ఆరంభించిన డెబియన్ అను వ్యవస్థపై ఆధారపడి, 2004లో వెలువడినది. కేరళ రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలలో ఈ జాతి వ్యవస్థలనే విరివిగా వాడుచున్నారు. హైదరాబాదునందలి స్వేచ్ఛ యను సంస్థవారు దీనిని తెలుగువారికి తెలుగులో నందించుటకు పాటుపడిరి. ఇందు ఒక్కొక్క పనికి ఒక్కొక్క మూట గలదు. దానిని ప్యాకేజీ యందురు. ఆ మూటలు దూరదేశములందలి భాండాగారములలో నుండును. వానిని తెచ్చి విప్పి అమర్చు పరిచారకునికి ఆప్ట్ అని పేరు. మనకు కావలసిన మూట పేరు చెప్పినచో ఆప్ట్ పోయి తెచ్చును. అయితే ఇంటర్నెట్టు లేని దినమున పోవుటకు దారియే లేదు. అట్టివేళ మన డిస్కులోనే కొన్ని మూటలు దాచి, వానికొక పట్టిక వ్రాసి, "దూరము పోవద్దు, ఈ గాదెనుండి తీసికొమ్ము" అని చెప్పవచ్చును. స్థానిక మూలమనగా ఇదియే.

మాకు ముఖ్యముగా కావలసినవి తెలుగు అక్షరముల మూటలు. డెబియన్ భాండాగారమున తెలుగువిజయము అను పేర నొక మూట గలదు. అందు గురజాడ, రామభద్ర, ధూర్జటి, తిమ్మన, గిడుగు మొదలగు పేర్లతో అక్షరరూపములున్నవి. గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు గల అక్షరములలో మావంటివారి గ్రాంథికము అచ్చుపడుట చూచి ఆ మహనీయుడేమనునో! అది యటుండనిండు. విజయవాడలో ఇంటర్నెట్టు బాగుగా నున్న ఒక బంధువుల యింట రెండు రాత్రులు కూర్చుండి ఆ మూటలనన్నిటిని డిస్కులోనికి దించుకొని వచ్చితిమి. వచ్చి, కంప్యూటరు గదిలోని పెద్ద కంప్యూటరునందు, మా సొంత ఫోల్డరులో, గాదె యని పేరు పెట్టి యుంచితిమి. పట్టిక వ్రాసితిమి. ఆప్ట్‌నకు దారి చూపితిమి. అది నిరాకరించినది.

మొదట దస్త్రము కనబడలేదని చెప్పినది. దస్త్రము మా కన్నుల యెదుట నున్నది! మరల మరల చేసితిమి. ఒక్కొక్క మూటనే చేతికిచ్చి అమర్చుమన్నచో అమర్చుచున్నది గాని, ఫలానా ఫైలును తన సేవకుడు చేరలేకపోయెనని, అందుచేత కావలి లేకుండ సర్వాధికారి హోదాతోనే పని జరిగించితినని ఒక హెచ్చరిక పలుకుచు, దాని ప్రక్కన 13 అను సంఖ్య చూపినది. ఈ జాతి వ్యవస్థలలో 13 అనగా అనుమతి నిరాకరింపబడినదని యర్థము. సర్వాధికారి రహస్యపదమును మేమే వ్రాసి ఆజ్ఞ యిచ్చుచుండగా మాకే అనుమతి లేదనుట యేమని మాకు కోపము వచ్చినది. కోపము వచ్చినవేళ చేసిన పని మంచిదెప్పుడు కాగలదు?

ఇక్కడ కొంచెము నిలిచి, ఆ నిరాకరణము న్యాయమైనదో కాదో విచారింతము. 1969 మొదలుకొని అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు యూనిక్సు అను వ్యవస్థను నిర్మించిరి. అనేకులొక్క యంత్రమును వాడునప్పుడు ఎవరి కాగితములు వారివిగా నుండవలెనను నియమమును వారందు పొందుపఱచిరి. నేటి లినక్సు ఆ నియమమునే అనుసరించుచున్నది. ప్రతి ఫైలునకు ముగ్గురి సంగతి వ్రాయబడియుండును: యజమాని, యజమానితోడి జట్టు, తక్కినవారు. ప్రతివారికిని మూడు విధములైన అనుమతులు: చదువుటకు 4, వ్రాయుటకు 2, నడుపుటకు 1. కూడిక వచ్చిన ఆఱవ తరగతి బాలునకు ఇది చాలును. 7 అనగా మూడును గలవు; 5 అనగా చదువవచ్చును, నడుపవచ్చును, మార్చరాదు; 0 అనగా ఏమియు లేదు. కావున 755 అనిన, యజమానికి అన్నియు, తక్కినవారికి మార్చు హక్కు తప్ప తక్కినవి. 777 అనిన, అందఱికిని అన్నియు.

ఫోల్డరు విషయమున నడుపుట యనగా దాని గుండ పోవుట. ఈ యొక్క సంగతి తెలియకయే పదుగురిలో తొమ్మండుగురు చిక్కుకొనుచున్నారు, మేమును చిక్కుకొంటిమి. తోటను గుత్తకు తీసికొన్న వ్యాపారి యొకడు కాయలు మాగవేసిన గది తలుపు తీసియుంచెననుకొందము. బండివాడు వచ్చి కాయలు తీసికొనిపోవలెను. గది తలుపు తీసియున్నది నిజమే. కాని తోట కంచెకున్న గవిని తాళము వేసియున్నచో బండివాడు గదివఱకు పోవునా? బయటనుండి చూచి, "నాకు గదియే కనబడలేదు" అని చెప్పి పోవును. వాడబద్ధమాడలేదు. మేము గాదె ఫోల్డరునకు 755 ఇచ్చి, లోపలి మూటలకు 644 ఇచ్చి, అన్నియు సరిగానున్నవని మురిసితిమి. దానికి పైనున్న మా సొంత ఫోల్డరు గవిని మూసియుండుట చూచుకొనలేదు.

బండివాడెవరు? ఇదియే రెండవ మర్మము. ఆజ్ఞ యిచ్చినది సర్వాధికారియే; వానిని రూట్ అందురు. వానికి మూసిన తలుపు లేదు. కాని 2015 చివర వెలువడిన ఆప్ట్ 1.1నుండి, మూటలు తెచ్చు పనిని రూట్ స్వయముగా చేయడు. ఆప్ట్ అను పేరునకే ముందొక అడ్డగీత చేర్చి, ఆ పేర నొక అల్పాధికారము గల సేవకుని నియమించి, వానిచేత తెప్పించును. తెచ్చుట యపాయకరమైన పని; ఎవరో పంపినదానిని, ఎక్కడనుండియో వచ్చినదానిని ముట్టుకొనవలెను. ఆ పనిలో మోసము జరిగినను సేవకుని చేతులకందినంతవఱకే హాని జరుగవలెను గాని ఇల్లంతయు పోరాదని ఆలోచన. ఇది యున్నను అపాయము పూర్తిగా తప్పినదని చెప్పము. 2019 జనవరిలో మాక్స్ జస్టిక్జ్ అను నతడు ఆప్ట్‌లోనే యొక లోపము కనిపెట్టెను: దారిమధ్య నున్నవాడు సేవకుని మాటలలో తన మాటలు జొనిపి, సర్వాధికారిని నమ్మించుటకు వీలుండెను. వెంటనే దానిని సరిచేసిరి. ఇట్టివి బయటపడుచుండగా సేవకుని అధికారమును ఇంకను పెంచుద మనువారి ధైర్యమేమో మాకు తెలియదు.

మఱి ఇంతకుముందు ఇట్టి నిరాకరణము మాకెందుకు రాలేదు? మేమును మొదట వ్యవస్థ చెడిపోయినదనియే తలంచితిమి. చెడిపోలేదు, చక్కబడినది. ఉబుంటులో చిరకాలము సొంత ఫోల్డరులు 755గా నుండెడివి; అనగా ఒకని ఇల్లు తక్కినవారందఱు వచ్చి చూచునట్లు తెఱచియుండెడిది. 2021 ఏప్రిల్‌లో వచ్చిన 21.04 మొదలుకొని క్రొత్తగా చేర్చువారి ఫోల్డరులు 750గా నేర్పడుచున్నవి. బయటివారికి సున్న. పాతవి పాతవిగనే యుండును. మన పాత కంప్యూటరునందు మా ఫోల్డరు పాతది. క్రొత్తగా అమర్చిన దానియందు అది క్రొత్తది. అందుచేత నిన్నటివఱకు నడచిన పద్ధతి నేడు నడువలేదు. ఇల్లు కట్టినవాడు తలుపునకు గడియ పెట్టినందుకు వానినే తిట్టినవారమైతిమి.

ఇక మా తప్పు. ఒక మిత్రుడు ఫోనులో చెప్పిన సలహా విని, సీహెచ్‌మాడ్ అను ఆజ్ఞను 777 అను సంఖ్యతో, మా సొంత ఫోల్డరునకును దానిలోపలి సమస్తమునకును ఇచ్చితిమి. నిమిషములో పనియైపోయెను. అక్షరముల మూటలన్నియు అమరినవి. పిల్లలు చప్పట్లు కొట్టిరి. మేమును సంతోషించి, ఆ సాయంకాలము నిశ్చింతగా ఇంటికి పోయితిమి.

ఆ ఫోల్డరులో గాదె యొక్కటియే యున్నదా? లేదు. మార్కుల పట్టికలుండెను. ప్రశ్నపత్రముల ముసాయిదాలుండెను. రుసుము తగ్గింపుమని తలిదండ్రులు పెట్టుకొన్న మనవుల ప్రతులుండెను. పెద్ద కంప్యూటరునందు తొమ్మిదవ, పదవ తరగతుల పిల్లలందఱికి వేర్వేరు పేర్లున్నవి. వారు వంతులవారీగా వచ్చి పని చేసికొందురు. ఎనిమిది దినముల పిదప ఒక బాలుడు వరండాలో మమ్ము కలిసికొని, తల వంచుకొని, "మాష్టారూ, మా అమ్మ మీకు రాసింది అందరూ చదివారండీ" అనెను. మఱి మాటాడలేదు. మఱునాడు బడికి రాలేదు. మూడు దినములు రాలేదు.

ఆ మనవిలో ఏమి వ్రాసియుండెనో ఇక్కడ వ్రాయము. వ్రాసినచో రెండవమాఱు అదే తప్పు చేసినవారమగుదుము. చదివిన పిల్లలను దండించుటకు మాకు మనసొప్పలేదు. తలుపు బార్లా తెఱచి, లోపల దీపము పెట్టి, చూచినవానిని కొట్టుట న్యాయమా? వారిని పిలిచి మాటాడితిమి. ఇద్దఱు ఏడ్చిరి. మేమా బాలుని యింటికి పోయి, తల్లి యెదుట మా తప్పు ఒప్పుకొంటిమి. ఆమె మజ్జిగ యిచ్చి, "పోనివ్వండి మాష్టారూ, తెలిసి చేశారా" అనెను. ఆమె కోపపడియున్నచో మాకు సులువుగా నుండెడిది. కంప్యూటరులోని ప్రతిని తుడిచివేసితిమి. పిల్లల జ్ఞాపకములోని ప్రతిని తుడుచుట మా చేతిలో లేదు.

ఇప్పుడు మా యభిప్రాయము చెప్పెదము. అనుమతి లేదన్న మాట వినబడగానే తలుపులన్నియు తెఱచుట, ఎలుకల బాధ పడలేక ఇంటికి నిప్పు పెట్టుకొన్నట్టిది. పని జరిగినది గదా యని సంతోషించుటయే ఇందలి మోసము. తప్పైన ఉపాయము పని చేయనిచో ఎవరును దానిని పట్టుకొనియుండరు. అది తక్షణమే పని చేయును, హాని తరువాత నెప్పుడో, మఱియొకనికి, తెలియకుండ కలుగును. కొందఱు ఇంకొక ఉపాయము చెప్పుచున్నారు: ఆ యల్పసేవకునికి బదులు రూట్‌నే పనిలో పెట్టునట్లు ఆప్ట్ నిబంధనలలో ఒక పంక్తి వ్రాయవచ్చునట. వ్రాయవచ్చును, హెచ్చరికయు మాయమగును. కావలివాడు అరచుచున్నాడని వానిని పనినుండి తీసివేసినచో రాత్రి నిద్ర బాగుగనే పట్టును. మూడవవారు, మూటలపై ముద్ర లేకున్నను నమ్ముమని మూలము ప్రక్కన వ్రాసి, ముద్రలు చూచు పనినే మాన్పించుచున్నారు. భాండాగారమునుండి ముద్రతో కూడ యథాతథముగ తెచ్చుకొన్న మూలమునకు ఆ యవసరమే లేదు. మనము ఏరి కూర్చినదానికైనచో మన ముద్ర మనము వేసికొనుటకు మార్గమున్నది. కొంచెము శ్రమ, అంతే.

మాతోడి ఉపాధ్యాయులొకరు దీనికి ఆక్షేపణ చెప్పిరి. "ఇది చిన్న పల్లెటూరి బడి. మన ఫైలులను దొంగిలించుటకు ఎవరు వచ్చెదరు? ఈ తాళములు బ్యాంకులకు కావలెను. పిల్లల గంటన్నర పాఠములో ముప్పావుగంట అనుమతులతో పోయినచో చదువెప్పుడు?" అనిరి. వారి మాటలో సగము నిజమున్నది. పాఠపు వేళ అమూల్యమైనదే. అందుచేతనే ఏర్పాటు ముందుగా చేయవలెను గాని పిల్లలు కూర్చుండిన పిమ్మట కాదు. కాని తక్కిన సగమును మేమొప్పుకొనము. దొంగ బయటనుండి రానక్కఱలేదు. ధనవంతుని రహస్యమునకు గోడలున్నవి, న్యాయవాదులున్నారు. పేదవాడు తన యింటి సంగతిని మనకు చెప్పునప్పుడు మన మాటను తప్ప మఱియొక గోడను నమ్ముకొనలేదు. బడి చిన్నదైనకొలది అందఱు అందఱిని ఎఱుగుదురు. ఎఱిగినవారి నడుమనే సిగ్గు ఎక్కువ.

నెహెమ్యా గ్రంథము చదివిన మన పిల్లలకు ఒక సంగతి జ్ఞాపకముండును. యెరూషలేము ప్రాకారము కట్టుటతో నతడు పని ముగిసినదనుకొనలేదు. తలుపులు నిలిపిన పిమ్మట ద్వారపాలకులను నియమించి, గవినులు ఏ వేళ తీయవలెనో చెప్పి, ప్రతివాడును తన యింటికి ఎదురుగా కావలి యుండునట్లు ఏర్పఱచెను. అతడు గవినులను శాశ్వతముగా మూసివేయుమనలేదు. ఎండ యెక్కిన పిమ్మట తీయుమనెను. పట్టణమునకు లోపలికి వచ్చువారు కావలెను గదా.

సరియైన మార్గము కష్టమైనది కాదని తెలిసినప్పుడు మాకు మఱింత సిగ్గు కలిగినది. గాదెను సొంత ఇంటిలో పెట్టరాదు. లినక్సు వ్యవస్థలో నలుగురికి పంచియిచ్చు వస్తువులకని ఎస్‌ఆర్‌వీ అను ఫోల్డరు వేరుగా నున్నది. గాదెను అక్కడికి మార్చి, యజమానిగా రూట్‌ను నిలిపి, ఫోల్డరులకు 755, మూటలకు 644 ఇచ్చితిమి. సేవకుడు వచ్చి చదివి పోవును, ఎవరును మార్చలేరు. మా సొంత ఫోల్డరును మరల 750 చేసి, లోపలి ఫైలులను ఒక్కొక్కటిగా సరిచేసితిమి. ఇది రెండు సాయంకాలములు పట్టినది. ఒక్క ఆజ్ఞతో తెఱచినదానిని ఒక్క ఆజ్ఞతో మూయుట సాధ్యము కాలేదు. ఏ ఫైలునకు మొదట ఏ సంఖ్య యుండెనో ఎవరికి జ్ఞాపకము? పెద్ద తరగతుల పిల్లలకు ఒక సూచన: లోపలివానికన్నిటికి అనుమతి నిచ్చునప్పుడు సీహెచ్‌మాడ్‌లో చిన్న ఎక్సుకు బదులు పెద్ద ఎక్సు వాడినచో, గుండ పోవు అనుమతి ఫోల్డరులకును, ముందే నడుపదగినవిగా నున్న ఫైలులకును మాత్రమే చేరును, మామూలు ఫైలులకు అంటదు. మఱియు, నేమ్‌ఐ అను చిన్న యుపకరణమొకటి గలదు. దానికి దారి చెప్పినచో మొదటి గవిని మొదలుకొని చివరి గది వఱకు ఏ తలుపు ఎవరికి తీసియున్నదో వరుసగా చూపును. మేమా రోజున దీనిని ఎఱిగియున్నచో ఈ వ్యాసముండెడిది కాదు.

పెన్‌డ్రైవు సంగతియు చెప్పి విడిచెదము. తక్కిన కంప్యూటరులకు మూటలను పెన్‌డ్రైవులో మోసితిమి. దానిని గ్రుచ్చినప్పుడు ఉబుంటు దానిని మీడియా అను ఫోల్డరులో, కూర్చున్నవాని పేర నొక గది కట్టి, అందుంచును. ఆ గదిలోనికి ఆ పేరుగలవానికి తప్ప తక్కినవారికి దారి లేదు. కావున ఆప్ట్ సేవకుడు మరల బయటనే నిలిచిపోవును. పైగా పెన్‌డ్రైవులు తఱచుగా ఫ్యాట్ అను పాత పద్ధతిలో నుండును. ఆ పద్ధతిలో యజమాని, జట్టు అను మాటలకు చోటే లేదు. ఎన్ని సంఖ్యలిచ్చి సీహెచ్‌మాడ్ చేసినను అది రాతిమీద నీళ్లు పోసినట్లే. మూటలను ముందు ఆ కంప్యూటరులోని ఎస్‌ఆర్‌వీలోనికి దించుకొని, అక్కడనుండి అమర్చుకొనుటయే యుక్తము.

మిషను పెద్దలకును, ప్రధానోపాధ్యాయులకును మా మనవి యిది. తలిదండ్రుల మనవులు, పిల్లల కుటుంబ విషయములు ఉపాధ్యాయుల సొంత ఫోల్డరులలో నుండరాదు. పిల్లలు కూర్చుండు కంప్యూటరులో అసలే యుండరాదు. కార్యాలయపు కంప్యూటరునందు, ఇద్దఱు బాధ్యుల పేర, వేరుగ నుంచవలెను. సర్వాధికారి రహస్యపదమును నల్లబల్ల వెనుక సుద్దతో వ్రాయు అలవాటు నేటితో పోవలెను. ఎవరు వ్రాసిరో మాకు తెలియును, వారికిని తెలియును. తొమ్మిదవ తరగతి పాఠములో నాలుగు, రెండు, ఒకటి లెక్కను మొదటి నెలలోనే చెప్పవలెను. 2008లో నూజివీడున నెలకొన్న ట్రిపుల్ ఐటీలో మన పిల్లలు చేరవలెనని తలిదండ్రులాశించుచున్నారు. అచ్చటికి పోయిన తరువాత ఇది నేర్చుకొనవచ్చునను మాట మేమంగీకరింపము. ఇతరుల కాగితములను చదువగలిగియు చదువకుండుట మాత్రము ఏ సంఖ్యవలనను రాదు. దానిని మా తరగతిలోను, మీ యిండ్లలోను నేర్పవలసియున్నది.

బాలుడు మరల బడికి వచ్చుచున్నాడు. అతని సంగతి ఇంతకంటె వ్రాయము. వేసవి సెలవులకు ముందు గాదెను మరల నింపితిమి. తెలుగు అక్షరములు, గణితపు ఉపకరణములు, చిత్రలేఖనపు సామగ్రి అందున్నవి. దాని ప్రతి యొకటి డిస్కులో కార్యాలయపు బీరువాలో నున్నది. ఇరుగుపొరుగు గ్రామముల పాఠశాలలవారు కోరినచో తమ డిస్కు తెచ్చుకొని నకలు వ్రాసికొనవచ్చును. శనివారము మధ్యాహ్నము మేము గదిలోనే యుందుము. అమర్చు విధమును దగ్గఱ కూర్చుండి చూపెదము.